తేలు వెతుక్కునే సందు

జూలైలో రాత్రి తొమ్మిదిన్నరకు కూడా మా పెరటి ప్రహరీ సెగలు కక్కుతూనే ఉంటుంది. మేముండేది అమెరికాలోని అరిజోనా రాష్ట్రం, ఫీనిక్స్‌ను ఆనుకుని ఉన్న చాండ్లర్‌లో. ఇక్కడ తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. కొత్తగా ఇల్లు కొన్నవాళ్ళకు మొదటి వేసవిలోనే ఎవరో ఒకరు చెబుతారు: అతినీలలోహిత కాంతినిచ్చే టార్చ్ ఒకటి కొనుక్కోండి, దీపాలన్నీ ఆర్పేసి గోడ మీద వేసి చూడండి అని. మేమూ అలాగే చూశాం. పగలు ఏమీ లేని బూడిదరంగు గోడ మీద లేత నీలిపచ్చ రంగులో అక్కడొకటి ఇక్కడొకటి వెలుగుతున్నాయి. అన్నీ తేళ్ళే. ఒకటి మా పాప ఆడుకునే చోటికి రెండడుగుల ఎత్తులో తలకిందులుగా అతుక్కుని ఉంది.

అప్పుడు మా అమ్మ అనంతపురం నుంచి వచ్చి ఉంది. నా పక్కన నిలబడి చూసి, "ఇంత చిన్నదానికి ఇంత భయమెందుకే? మన కళ్ళం దగ్గర మండ్రగబ్బలు అరచేయంత ఉండేవి కదా" అంది.

అమ్మ మాటతోనే మొదలుపెడతాను. చాలామంది పొరపడేది సరిగ్గా అక్కడే. తేలు విషాన్ని దాని సైజును బట్టి కొలవకూడదు. మండ్రగబ్బ నల్లగా, లావాటి డెక్కలతో చూడటానికి భయంకరంగా ఉంటుంది. పీతలాంటి ఆ డెక్కలతోనే వేటను నలిపి చంపగలదు కాబట్టి విషం మీద అంతగా ఆధారపడదు. అది కుడితే బాగా నొప్పి పుడుతుందేగానీ మనిషి ప్రాణం మీదికి రావడం చాలా అరుదు. మన పొలాల్లో నిజంగా ప్రాణాలు తీసేది సన్నటి డెక్కల చిన్న ఎర్రతేలు. అరిజోనాలోనూ కథ ఇదే. ఇక్కడ పెద్ద వెంట్రుకల తేలు ఒకటుంది, పద్నాలుగు సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. అది కుడితే తేనెటీగ కుట్టినంత. గోధుమరంగులో, ఐదారు సెంటీమీటర్ల పొడవుతో, సన్నటి డెక్కలు, సన్నటి తోకతో ఉండే బార్క్ స్కార్పియన్ విషమే అమెరికాలోని తేళ్ళన్నిటిలోకీ ప్రమాదకరమైనది. మా గోడ మీద ఉన్నవి అవే.

ఆ వెలుగు సంగతి. తేలు ఒంటిమీది గట్టి పొరలో బీటా కార్బొలీన్ లాంటి కొన్ని రసాయనాలుంటాయి. మన కంటికి కనబడని అతినీలలోహిత కాంతిని అవి పీల్చుకుని, కనబడే నీలిపచ్చ కాంతిగా బయటికి పంపుతాయి. కుబుసం విడిచిన కొత్తలో తేలు మెత్తగా ఉంటుంది, అప్పుడు వెలగదు. పైపొర గట్టిపడేకొద్దీ ఆ మెరుపు వస్తుంది. చచ్చిపోయి మ్యూజియం సీసాలో ఏళ్ళ తరబడి ఉన్న తేలు కూడా వెలుగుతుంది. దీనివల్ల తేలుకు ఏం లాభమన్నది ఇంకా తేలని ప్రశ్న. ఓక్లహోమా విశ్వవిద్యాలయంలో డగ్లస్ గాఫిన్ ఒక ఊహ ముందుకు తెచ్చారు: తేలు ఒళ్ళంతా ఒక కన్నులా పనిచేస్తుందేమో, మీద వెలుతురు పడుతున్నదీ లేనిదీ ఆ మెరుపు ద్వారా తెలుసుకుని నీడలోకి తప్పుకుంటుందేమో అని. నాకు ఈ ఊహ చాలా ఇష్టం. కారణం ఏదైనా, ఇంట్లో పసిపిల్లలున్న తల్లికి ఆ మెరుపు ఒక వరం. మామూలు టార్చ్‌తో గంటసేపు వెతికినా దొరకనిది దీనితో పది అడుగుల దూరం నుంచే తెలిసిపోతుంది.

సరే, ఎడారిలో ఇల్లు కట్టాం కాబట్టి ఎడారి జంతువులు వచ్చాయని అనుకుంటాం. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. కానీ బార్క్ స్కార్పియన్ పేరులోనే దాని చిరునామా ఉంది. బార్క్ అంటే చెట్టు బెరడు. మా చుట్టూ ఉన్న సొనోరన్ ఎడారిలో వాగుల వెంట పెరిగే కాటన్‌వుడ్, సికమోర్ చెట్ల బెరడు పగుళ్ళలోనూ, రాళ్ళ సందుల్లోనూ ఉండే జీవి ఇది. ఈ ఎడారిలోని కొన్ని ఇతర తేళ్ళలా ఇసుకలో బొరియ తవ్వుకోదు. దానికి కావలసినవి మూడే: కాస్త తేమ, తినడానికి పురుగులు, ఒళ్ళు దాచుకోవడానికి ఇరుకు సందు.

ఇప్పుడు మా పేటను ఆ తేలు కళ్ళతో చూడండి. ఏడాది మొత్తానికి ఇరవై సెంటీమీటర్ల వాన కూడా సరిగా పడని చోట, కాలువల్లో తెచ్చిన నది నీళ్ళతో పచ్చిక పెంచాం, నిమ్మ, నారింజ చెట్లు నాటాం. ప్రతి మొక్క మొదట్లో చుక్కచుక్కగా నీళ్ళు పడే గొట్టం పెట్టాం. ఆ తేమకు కీచురాళ్ళు, బొద్దింకలు చేరాయి. వాటి కోసం తేలు వచ్చింది. ఇక ఉండటానికి చోటంటారా, లోపల డొల్లగా ఉండే సిమెంటు దిమ్మెలతో ఇంటింటికీ ప్రహరీ కట్టాం. అతుకుల్లో బీటలు పడిన ఆ గోడ తేలుకు మైళ్ళ పొడవున పరుచుకున్న చెట్టు బెరడే. ఈత చెట్లకు ఎండిన మట్టలు నరక్కుండా వదిలేస్తే అవి ఇంకా మంచి ఇళ్ళు. మనం ఎడారి మధ్యలో ఒక వాగు ఒడ్డును కట్టి పెట్టాం. వాగు ఒడ్డున ఉండేది అక్కడికి వచ్చింది.

ఈ ఒక్క విషయం అర్థమయ్యాక ఏం చేయాలన్నది దానంతటదే తేలుతుంది. అంతకుముందు మాత్రం మేము అందరిలాగే మందు కొట్టించాం. ఒక కంపెనీ మనిషి నెలకోసారి వచ్చి ఇంటి చుట్టూ చల్లి వెళ్ళేవాడు. మర్నాడు రాత్రి టార్చ్ వేస్తే తేళ్ళు అదే గోడ మీద హాయిగా తిరుగుతుండేవి. కారణం వాటి శరీరంలోనే ఉంది. ఒంటిమీద మైనం పొర మందును లోపలికి త్వరగా ఇంకనివ్వదు. నడిచేటప్పుడు పొట్ట నేలకు పెద్దగా ఆనదు కాబట్టి ఆరిపోయిన మందు అంటేది కాలి కొసలకే. పైగా శరీరం ఎంత మందకొడిగా పనిచేస్తుందంటే నెలల తరబడి తిండి లేకపోయినా బతుకుతుంది. మందు నేరుగా మీద పడితే చస్తుంది, కాదనను. పురుగుల్ని చంపి తేలుకు తిండి తగ్గించడంలోనూ మందుకు కొంత పాత్ర ఉంది. కానీ దాన్ని నమ్ముకుని పిల్లల్ని నేల మీద వదిలేయడం తప్పు.

నమ్ముకోవలసింది సందులు మూసే పనిని. పెద్ద బార్క్ స్కార్పియన్ కూడా ఒకటిన్నర మిల్లీమీటర్ల సందులోంచి దూరిపోగలదు. రెండు క్రెడిట్ కార్డులు కలిపి పట్టుకుంటే ఎంత మందమో అంత. నేను ఆ రెండు కార్డులు పట్టుకుని ఇల్లంతా తిరిగాను. వీధి తలుపు కింద దూరాయి. గ్యారేజీ తలుపు మూలల్లో దూరాయి. వంటగది సింకు కింద గొట్టం గోడలోకి వెళ్ళే చోట వేలే పట్టింది! తలుపుల కింద రబ్బరు పట్టీలు వేయించాం, గొట్టాల చుట్టూ, కిటికీ చట్రాల అంచుల్లో సిలికాన్ పూశాం. అటకకు గాలి వెళ్ళే జాలీలకు సన్నటి వల బిగించాం. స్విచ్‌బోర్డుల వెనక ఖాళీలు కూడా వదలకూడదు. ఇవి గోడల లోపలినుంచి పాకి ఆ రంధ్రాల్లోంచి గదుల్లోకి వస్తాయి. బయట ప్రహరీ బీటలు పూడ్చి, గోడకు ఆనించి పెట్టిన కట్టెలు, అట్టపెట్టెలు తీసేశాం. ఇంటిని ఆనుకుని ఉన్న మొక్కల నీళ్ళ గొట్టాన్ని దూరానికి జరిపాం. ఇదంతా చలికాలంలో చేసుకోవాలి. అప్పుడు ఈ తేళ్ళు ఒకే సందులో పది, ఇరవై కలిసి కదలకుండా పడి ఉంటాయి. రాత్రులు వెచ్చబడితే మళ్ళీ తిరగడం మొదలెడతాయి.

మన ఇళ్ళ అలవాట్ల గురించి కూడా చెప్పాలి. మనం చెప్పులు గడప బయటో గ్యారేజీలోనో విడుస్తాం, ఇంట్లో వట్టి కాళ్ళతో తిరుగుతాం, చుట్టాలొస్తే నేల మీద పరుపులు వేస్తాం. తేలున్న ఊళ్ళో ఈ మూడూ జాగ్రత్త పడవలసినవే. చెప్పులు దులిపి తొడుక్కోవాలి. తడి తువ్వాలు నేల మీద వదలకూడదు. నేల పరుపు వేసే ముందు గదిలో ఒకసారి టార్చ్ తిప్పాలి, పరుపును గోడకు ఆనించకూడదు. ఇది వస్తువుల అడుగున తలకిందులుగా అతుక్కుని ఉంటుంది కాబట్టి పెట్టెను ఎత్తేటప్పుడు వేళ్ళు అడుగుకు పోనివ్వకూడదు. పసిపిల్లల మంచం విషయంలో ఇక్కడివాళ్ళు చెప్పే ఉపాయం వినగానే నాకు మా జేజి గుర్తొచ్చింది. చీమలు ఎక్కకుండా ఆవిడ వంటింటి అలమర కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టేది. ఇక్కడ ఉయ్యాల మంచం కాళ్ళను గాజు సీసాల్లో నిలబెడతారు, నీళ్ళు కూడా అక్కర్లేదు. గరుకు గోడ, చెట్టు, తెర గుడ్డ దేన్నైనా ఎక్కగల ఈ తేలు శుభ్రమైన నున్నటి గాజును ఎక్కలేదు. కాలి గోళ్ళకు పట్టు దొరకదు.

ఇంత చేసినా కుట్టిందే అనుకోండి. ఈ విషం నరాల మీద పనిచేస్తుంది. నరంలో సంకేతం పరుగెత్తాలంటే విద్యుదావేశమున్న సోడియం కణాలు లోపలికి వచ్చే చిన్న ద్వారాలు తెరుచుకుని వెంటనే మూసుకోవాలి. విషం వాటిని సరిగా మూసుకోనివ్వదు. దాంతో నరం ఆగకుండా మోగుతూనే ఉంటుంది. పెద్దవాళ్ళలో మంట, తిమ్మిరి, కుట్టిన చోట వేలితో తడితే కరెంటు కొట్టినట్టు నొప్పి ఉంటాయి. సబ్బుతో కడిగి, చల్లటి గుడ్డ వేసి, మామూలు నొప్పి మాత్ర వేసుకుంటే సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. చిన్నపిల్లల్లో కథ వేరు. కళ్ళు అదుపు లేకుండా అటూ ఇటూ తిరగడం, చొంగ కారడం, నాలుక అదరడం, కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం కనిపిస్తే అర క్షణం ఆగకూడదు, ఆసుపత్రికి వెళ్ళాలి. తాడు కట్టడం, కోయడం వద్దు. ఏ వయసువాళ్ళకైనా అనుమానముంటే అమెరికాలో 1-800-222-1222కు ఫోన్ చేస్తే విషాల నిపుణులు పగలూ రాత్రీ సలహా ఇస్తారు.

ఆసుపత్రిలో ఇచ్చే విరుగుడు పేరు అనాస్కార్ప్. మెక్సికోలో గుర్రాల రక్తం నుంచి తయారవుతుంది. అరిజోనాలోనే ఉన్న టూసాన్‌లో డాక్టర్ లెస్లీ బోయర్ బృందం దీన్ని పరీక్షించి 2009లో ఫలితాలు ప్రకటించింది. విషం తీవ్రంగా ఎక్కిన పదిహేను మంది పిల్లల్లో ఎనిమిది మందికి విరుగుడు, ఏడుగురికి ఉత్తుత్తి మందు ఇచ్చారు. నాలుగు గంటల్లో విరుగుడు అందిన ఎనిమిది మందీ తేరుకున్నారు. రెండో జట్టులో తేరుకున్నది ఒక్కరే. 2011లో అమెరికా ప్రభుత్వం దానికి అనుమతి ఇచ్చింది.

మన ఎర్రతేలు దెబ్బ తీసే తీరు వేరు. అది గుండెను, ఊపిరితిత్తులను పట్టుకుంటుంది. చెమటలు, వాంతులు, చేతులు చల్లబడటం, ఆ తర్వాత ఆయాసం. మహారాష్ట్రలోని మహాడ్ అనే చిన్న ఊళ్ళో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ 1980లలో, రక్తపోటుకు వాడే ప్రజోసిన్ మాత్రతో ఈ రోగుల్ని బతికించవచ్చని చూపించారు. పల్లెలో దొరికే చవక మాత్ర ఎందరి ప్రాణాలు నిలిపిందో. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చినప్పుడు నాకు సొంత మనిషికి వచ్చినంత సంతోషమైంది. ఈ రెండు వైద్యాల మధ్య తేడా గుర్తుంచుకోవాలి: అనంతపురంలో పనికొచ్చిన మందు చాండ్లర్‌లో అడగకూడదు, ఇక్కడిది అక్కడ వెతకకూడదు.

అమ్మ ఊళ్ళో తేలు మంత్రం వేసే ఆయన ఉండేవాడు. ఆయన చేయి తగలగానే నొప్పి దిగేదని ఇప్పటికీ అంటుంది. నేను వాదించను, ఒకటి మాత్రం చెబుతాను. చాలా తేళ్ళ నొప్పి కొన్ని గంటల్లో దానంతటదే దిగుతుంది, మండ్రగబ్బదైతే మరీను. దిగిన నొప్పి మంత్రం ఖాతాలో పడింది. ఎర్రతేలు కుట్టిన పిల్లవాడికి మాత్రం ఆ మంత్రానికి ఖర్చయ్యే గంట చాలా విలువైనది. ఇది చెప్పినప్పుడు అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా, చిన్నప్పుడు తన ఈడు పిల్ల ఒకతె పోయిన సంగతి చెప్పింది.

సందులు మూశాక మరుసటి వేసవి ఇంట్లోకి ఒక్కటీ రాలేదు. గోడ మీద మాత్రం అప్పుడప్పుడు కనబడుతూనే ఉంటాయి. మొన్న ఆగస్టులో ఒక రాత్రి అమ్మే టార్చ్ పట్టుకుని నన్ను పిలిచింది. గోడ మూల ఒక తల్లి తేలు వెలుగుతూ ఉంది. దాని వీపు మీద మాత్రం ఒక చోట వెలుగు లేదు. దగ్గరికి వెళ్ళి మామూలు లైటు వేస్తే తెలిసింది, అవి పిల్లలు. బియ్యపు గింజల్లా తెల్లగా, ఒకదాని మీద ఒకటి. తేలు గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. మొదటి కుబుసం విడిచే దాకా అవి తల్లి వీపు మీదే ఉంటాయి, ఆ మెరుపు వాటికింకా రాలేదు. మా పాప లోపల నిద్రపోతోంది. పొడవాటి పటకారుతో తల్లిని పట్టి ఊరగాయ సీసాలో దించాను. అది గాజు గోడను ఎక్కాలని చూసింది, జారింది. మళ్ళీ ఎక్కాలని చూసింది. వీపు మీద పిల్లలు ఒక్కటి కూడా కింద పడలేదు. మూత పెట్టి అమ్మ చేతికిచ్చాను.