ఒకే పేరు, వేర్వేరు మనుషులు: అమెరికా రాజకీయాల్లో, కథల్లో పేర్ల గందరగోళంపై అపోహలు - వాస్తవాలు

లైబ్రరీలో కేటలాగు చేసేవాళ్ల పనిలో పెద్ద భాగం మనుషుల్ని విడదీయడమే. ఒకే పేరున్న ఇద్దరి పుస్తకాలు ఒకరి కింద చేరిపోతే ఆ తప్పు అక్కడితో ఆగదు. గైడ్లలోకి, పేపర్లలోకి, చివరికి వాట్సాప్‌లోకి పాకుతుంది. అమెరికా చరిత్ర అరల దగ్గర ఈ బెడద మరీ ఎక్కువ. పాఠకులు గట్టిగా నమ్మే సంగతులు కొన్ని ఇక్కడ విప్పి చూపిస్తాను.

అపోహ: లింకన్ కార్యదర్శి పేరు కెనెడీ, కెనెడీ కార్యదర్శి పేరు లింకన్.

హత్యకు గురైన ఇద్దరు అమెరికా అధ్యక్షులు లింకన్, కెనెడీల మధ్య వింత పోలికలంటూ తిరిగే జాబితాలోది ఈ మాట. ఇందులో సగమే నిజం. కెనెడీ కార్యదర్శి పేరు ఎవెలిన్ లింకన్, అది రికార్డుల్లో ఉంది. లింకన్ కార్యదర్శులు మాత్రం జాన్ నికొలే, జాన్ హే. ఆయన దగ్గర కెనెడీ అనే కార్యదర్శి పనిచేసినట్టు ఎక్కడా ఆధారం లేదు. అదే జాబితాలో లింకన్‌ను చంపిన బూత్ 1839లో, కెనెడీని చంపిన ఆస్వాల్డ్ 1939లో పుట్టారని ఉంటుంది. బూత్ పుట్టింది 1838లో. సరిగ్గా నూరేళ్లు కావాలి కాబట్టి ఎవరో ఒక ఏడాది జరిపేశారు.

నిజమైనవీ ఉన్నాయి. ఇద్దరూ 1860లో, 1960లో అధ్యక్షులుగా ఎన్నికయ్యారు. వాళ్ల తర్వాత పదవిలోకి వచ్చిన ఇద్దరూ జాన్సన్‌లే: ఆండ్రూ పుట్టింది 1808లో, లిండన్ 1908లో. నిజాల మధ్య అబద్ధాన్ని దాచిపెట్టడం వల్లే ఈ జాబితా ఇన్నేళ్లుగా తిరుగుతోంది.

అపోహ: ఇంటిపేరు కలిస్తే చుట్టాలే.

ఆ ఇద్దరు జాన్సన్‌లకు బంధుత్వం లేదు. అమెరికాలో స్మిత్ తర్వాత ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు జాన్సన్. పి.వి. నరసింహారావు, ఎన్.టి. రామారావు పేర్ల చివర రావు ఉందని వాళ్లను మనం చుట్టాలను చేయం కదా, ఇదీ అంతే.

ఇంటిపేరు కలిసిన అధ్యక్షుల జంటలు ఐదు. ఆడమ్స్‌లు, బుష్‌లు తండ్రీకొడుకులు. హారిసన్‌లు తాతా మనవళ్లు. థియోడర్ రూజ్‌వెల్ట్, ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ఆరు తరాలు వెనక్కి వెళ్తేగాని కలవరు. ఫ్రాంక్లిన్ భార్య ఎలినార్ థియోడర్‌కు సొంత తమ్ముడి కూతురు, అసలు దగ్గరి చుట్టరికం అటువైపు నుంచి.

అపోహ: కొడుకు బుష్ అసలు పేరు జార్జ్ బుష్ జూనియర్.

మన పేపర్లు సీనియర్ బుష్, జూనియర్ బుష్ అని రాసి అలవాటు చేశాయి. అమెరికన్ పద్ధతిలో జూనియర్ అనాలంటే తండ్రి పేరు అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. తండ్రి జార్జ్ హెర్బర్ట్ వాకర్ బుష్, కొడుకు జార్జ్ వాకర్ బుష్. హెర్బర్ట్ లేదు కాబట్టి జూనియర్ కాదు.

మూడో జార్జ్ బుష్ సంగతి ఇంకా ముఖ్యం. 1796లో పుట్టి 1859లో చనిపోయిన ఈయన బైబిల్ పండితుడు, న్యూయార్క్‌లో హీబ్రూ ప్రొఫెసర్. 1830లో మహమ్మద్ ప్రవక్త జీవితం మీద పుస్తకం రాశాడు. ఇరాక్ యుద్ధం తర్వాతి ఏళ్లలో ఆ పుస్తకం రాసింది అప్పటి అధ్యక్షుడు, కొడుకు బుష్ తాత అనే ప్రచారం అరబ్ దేశాల్లో లేచింది. అమెరికా విదేశాంగ శాఖ వివరణ ఇవ్వాల్సి వచ్చింది. అధ్యక్షుడి తాత సెనేటర్ ప్రెస్కాట్ బుష్. ఆ పండితుడు దూరపు చుట్టమే తప్ప నేరుగా పూర్వీకుడు కాడు. పేరు పక్కన 1796-1859 అని ఉంటే ఇంత రభస లేకపోయేది.

అపోహ: పాత నవలల మీద విన్‌స్టన్ చర్చిల్ అని ఉంటే అది బ్రిటన్ ప్రధానే.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన చిక్కు ఇదే. 1871లో సెయింట్ లూయిస్‌లో పుట్టిన విన్‌స్టన్ చర్చిల్ అమెరికన్ నవలాకారుడు. 1899లో వచ్చిన ఆయన నవల ‘రిచర్డ్ కార్వెల్’ విపరీతంగా అమ్ముడుపోయింది. అదే ఏడాది లండన్‌లో ఉన్న చర్చిల్‌కు అభినందనలు రావడం మొదలైంది. పత్రికలో సీరియల్‌గా వస్తున్న తన కథ ‘సవ్రోలా’కే అనుకుని మొదట సంతోషించాడు. సంగతి తెలిశాక అమెరికాకు ఉత్తరం రాశాడు: శ్రీ విన్‌స్టన్ చర్చిల్ శ్రీ విన్‌స్టన్ చర్చిల్‌కు నమస్కారాలు తెలుపుతూ, ఇద్దరికీ సంబంధించిన ఒక విషయం మనవి చేసుకుంటున్నాడు అని. ఇకపై తన రచనల మీద స్పెన్సర్ అని చేర్చుకుంటానని మాట ఇచ్చాడు. తనకు మరో పేరు ఉండి ఉంటే తానూ వాడుకునేవాడినని అమెరికన్ అంతే మర్యాదగా జవాబిచ్చాడు.

నవలాకారుడూ రాజకీయాల్లోకి దిగాడు. న్యూ హాంప్‌షైర్ శాసనసభకు ఎన్నికయ్యాడు, 1912లో ప్రోగ్రెసివ్ పార్టీ తరఫున గవర్నర్‌గా పోటీచేసి ఓడాడు. ఇద్దరూ రచయితలే, ఇద్దరూ రాజకీయ నాయకులే అయినప్పుడు వృత్తి చూసి విడదీయలేం. కేటలాగులో వాళ్లను వేరుచేసేది 1871-1947, 1874-1965 అన్న అంకెలే. ప్రధాని మనవడి పేరూ విన్‌స్టన్ చర్చిలే, ఆయనా ఎంపీ, ఆయనా పుస్తకాలు రాశాడు.

అపోహ: కథల్లో అధ్యక్షుల పేర్లు గాల్లోంచి పుడతాయి.

‘ద వెస్ట్ వింగ్’ సీరియల్‌లో అధ్యక్షుడు జోసయ్య బార్ట్‌లెట్, న్యూ హాంప్‌షైర్ వాడు. 1776 స్వాతంత్ర్య ప్రకటన మీద ఆ రాష్ట్రం తరఫున సంతకం చేసిన డాక్టర్ పేరూ జోసయ్య బార్ట్‌లెట్. పాత్రను ఆ వంశం వాడిగానే చూపించారు. ఇంగ్లిష్ స్పెల్లింగులో చివర ఒక్క అక్షరం తేడా ఉంటుంది, తెలుగులో రాస్తే అదీ పోతుంది. అందుకే తెలుగులో రాసేవాళ్లు పాత్ర అని పక్కన రాసి తీరాలి. టామ్ క్లాన్సీ నవలల్లో అధ్యక్షుడయ్యే జాక్ ర్యాన్‌ది వేరే కథ. 2004లో ఇల్లినాయి రిపబ్లికన్ సెనేట్ అభ్యర్థి పేరూ జాక్ ర్యానే. ఆయన మధ్యలో తప్పుకున్నాడు, ఆ సీటు ఒబామా గెలిచాడు. ఇది ఉత్త కాకతాళీయం.

అపోహ: పేర్లు కలవడం ఎప్పుడూ కాకతాళీయమే.

ఎన్నికల్లో ఆ మాట చెల్లదు. మన దగ్గర ఒకే పేరున్న అభ్యర్థుల్ని నిలబెట్టి ఓటర్లను తికమక పెట్టడం తెలిసిందే. ఆ బాధకే 2015 నుంచి ఎన్నికల సంఘం బ్యాలెట్ మీద అభ్యర్థుల ఫొటోలు వేయిస్తోంది. అమెరికాలోనూ ఈ ఎత్తు ఉంది. 2020లో ఫ్లోరిడా రాష్ట్ర సెనేటర్ హోసే హావియర్ రోడ్రిగెజ్ మీద అదే ఇంటిపేరున్న, ఏ పార్టీకీ చెందని ఒక వ్యక్తి పోటీకి దిగాడు. ప్రచారమే చేయని ఆ మనిషికి 6 వేలకు పైగా ఓట్లు పడ్డాయి. సెనేటర్ 32 ఓట్ల తేడాతో ఓడిపోయాడు. డబ్బు తీసుకుని పోటీచేశానని ఆ అభ్యర్థి 2021లో కోర్టులో నేరం ఒప్పుకున్నాడు.