గుండుగుత్త ఓటు లెక్క

1981 సెప్టెంబర్ 27న బ్రైటన్‌లో బ్రిటన్ లేబర్ పార్టీ తన ఉపనాయకుణ్ణి ఎన్నుకుంది. డెనిస్ హీలీకి 50.426 శాతం, టోనీ బెన్‌కి 49.574 శాతం వచ్చాయి. దశాంశాల దాకా చదివితే తప్ప తేలనంత టెన్షన్ ఆ హాల్లో ఉంది. హీలీ పార్టీలో కుడివైపు, బెన్ వామపక్షం. లేబర్‌ని కార్మిక సంఘాలు ఎడమకి లాగుతాయన్నది చాలామంది నమ్మే మాట. కానీ ఆ ఎన్నికలో మొత్తం ఓటును సంఘాలకు 40, నియోజకవర్గ శాఖలకు 30, ఎంపీలకు 30 శాతంగా పంచారు. సంఘాల 40లో దాదాపు 25 హీలీకే పడ్డాయి. బెన్‌కి 15. బెన్‌ని అంత దూరం తెచ్చింది నియోజకవర్గాల పార్టీ శాఖలు. వాటి 30 శాతంలో 24కి పైగా ఆయనవే.

మరి ‘సంఘాల పెత్తనం’ అన్న మాట ఎక్కడ పుట్టింది? నన్నడిగితే, సంఘాల రాజకీయాల కంటే ఓట్లు లెక్కపెట్టిన పద్ధతిలోనే దాని మూలం ఉంది.

లేబర్ పార్టీ పుట్టుకే వేరు. 1900 ఫిబ్రవరిలో లండన్‌లోని ఫారింగ్‌డన్ వీధి మెమోరియల్ హాల్లో సంఘాలూ సోషలిస్టు బృందాలూ కలిసి ఒక కమిటీ వేసుకున్నాయి. అదే తర్వాత పార్టీ అయింది. 1918 వరకు అందులో ఎవరైనా నేరుగా సభ్యుడిగా చేరడానికి వీల్లేదు. ఏదో ఒక అనుబంధ సంఘం ద్వారానే రావాలి. మొదట్లో సంఘాలకూ అంత ఉత్సాహం లేదు. 1901లో టాఫ్ వేల్ రైల్వే కంపెనీ కేసులో తీర్పు వచ్చాక లెక్క మారింది. సమ్మె వల్ల కంపెనీకి కలిగిన నష్టాన్ని సంఘం తన నిధుల్లోంచి కట్టాలని ఆ తీర్పు చెప్పింది. రైల్వే కార్మికుల సంఘానికి 23,000 పౌండ్ల నష్టపరిహారం పడింది, కోర్టు ఖర్చులు అదనం. పార్లమెంటులో తమ మనుషులుంటే తప్ప లాభం లేదని సంఘాలకు అర్థమైంది. రెండు మూడేళ్లలో అనుబంధ సభ్యత్వం రెట్టింపు దాటింది.

ఓటు పద్ధతి కూడా ఈ పుట్టుక నుంచే వచ్చింది. సంఘం ఎంతమంది సభ్యుల పేరిట పార్టీకి రుసుము కడితే, మహాసభలో దానికి అన్ని ఓట్లు. అన్నీ ఒకే కార్డు మీద, ఒకే వైపు పడేవి. అదే బ్లాక్ ఓటు. తెలుగులో గుండుగుత్త అంటే సరిగ్గా అతుకుతుంది. కట్టే రుసుము ఎంతమందికన్నది సంఘమే తేల్చుకునేది. అసలు సభ్యుల లెక్క కంటే ఎక్కువకో తక్కువకో కట్టినా అడిగేవాడు లేడు.

ఇది ఏం చేస్తుందో చిన్న ఊహాలెక్కతో చూద్దాం. ఒక సంఘంలో 10 లక్షల మంది, ఒక తీర్మానానికి అనుకూలంగా 51 శాతం. రెండో సంఘంలో 6 లక్షల మంది, వ్యతిరేకంగా 90 శాతం. మహాసభలో ఫలితం 10 లక్షలకు 6 లక్షలు. తీర్మానం దర్జాగా నెగ్గుతుంది. మనుషుల్ని ఒక్కొక్కరుగా లెక్కేస్తే అనుకూలం 5.7 లక్షలు, వ్యతిరేకం 10.3 లక్షలు. ఫలితం తలకిందులైంది. మొదటి సంఘంలో కాదన్న 49 శాతం మంది కార్డు పైకి లేచే క్షణంలో మాయమైపోయారు. మాయమవడమే కాదు, వాళ్ల ఓట్లు ఎదుటి పక్షంలో కలిశాయి.

ఇంకో చిక్కు కూడా ఉంది. మూడు పక్షాలకు 49, 48, 3 ఓట్లున్నాయనుకోండి. నెగ్గడానికి 51 కావాలి. ఏ రెండు కలిసినా చాలు, ఏ ఒక్కటీ చాలదు. అంటే 3 ఓట్ల పక్షానికీ 49 ఓట్ల పక్షానికీ ఒకే బలం. ఓట్ల సంఖ్య వేరు, ఫలితాన్ని మార్చగల శక్తి వేరు అని 1946లోనే గణితంతో చూపించినవాడు లయొనెల్ పెన్‌రోజ్. ఈయన మనోవైద్యుడు, జన్యుశాస్త్రవేత్త. నోబెల్ గ్రహీత రోజర్ పెన్‌రోజ్‌కి తండ్రి. ఓట్ల లెక్క ఆయనకు పక్కదారి వ్యాపకం.

ఈ యంత్రానికి ఎడమా కుడీ తెలియవు. 1950ల మొదట్లో రవాణా, సాధారణ కార్మికుల సంఘానికి ఆర్థర్ డీకిన్ నాయకుడు. మరో రెండు పెద్ద సంఘాలతో కలిసి ఆయన అన్యూరిన్ బెవన్ వామపక్షాన్ని అణచి ఉంచాడు. అప్పట్లో బ్లాక్ ఓటును తిట్టినవాళ్లు వామపక్షంవాళ్లే. 1956లో అదే సంఘం ఫ్రాంక్ కజిన్స్ చేతికి వచ్చింది. 1960లో స్కార్‌బరో మహాసభలో ఆ సంఘం కార్డు అణ్వాయుధాలను ఏకపక్షంగా వదులుకోవాలన్న వైపు లేచింది. దాన్ని వ్యతిరేకించిన పార్టీ నాయకుడు హ్యూ గెయిట్‌స్కెల్ ఓడిపోయాడు. తిట్టడం ఇప్పుడు కుడివైపు వంతు. మరుసటి ఏడు బ్లాక్‌పూల్‌లో కొన్ని సంఘాలు మనసు మార్చుకోగానే నిర్ణయమూ తిరగబడింది. ఏడాదిలో లక్షలాది కార్మికులు అణుబాంబు గురించి కొత్తగా ఆలోచించారని నేనైతే నమ్మను.

1981 జనవరిలో వెంబ్లీ ప్రత్యేక మహాసభ నాయకత్వ ఎన్నికలో సంఘాలకు 40 శాతం ఇచ్చింది. అంతవరకు నాయకుణ్ణి ఎన్నుకునేది ఎంపీలే. మర్నాడే పార్టీ కుడివైపు నేతలు రాయ్ జెంకిన్స్, డేవిడ్ ఓవెన్, షర్లీ విలియమ్స్, బిల్ రోడ్జర్స్ దీన్ని నిరసిస్తూ లైమ్‌హౌస్ ప్రకటన విడుదల చేశారు. రెండు నెలలకు వేరే పార్టీ పెట్టేశారు.

ఇక బ్రైటన్. ప్రభుత్వరంగ ఉద్యోగుల సంఘం న్యూపీ నాయకత్వం వామపక్షానిదే. అయినా సభ్యుల్ని అడిగింది, వాళ్లు హీలీ అన్నారు, ఓట్లన్నీ హీలీకే వేసింది. రవాణా కార్మికుల సంఘం కూడా అభిప్రాయం సేకరించింది. మొగ్గు హీలీ వైపే కనిపించింది. దాని ప్రతినిధులు మొదటి రౌండ్‌లో మూడో అభ్యర్థి జాన్ సిల్కిన్‌కి, రెండో రౌండ్‌లో బెన్‌కి కార్డు ఎత్తారు. అడిగి విన్నది ఒకటి, అడిగి పక్కన పెట్టింది ఒకటి. ఆ రెంటిలో ఏ ఒక్కటి వేరేలా చేసినా ఆ దశాంశాల ఉత్కంఠ ఉండేది కాదు.

1993లో పార్టీ నాయకుడు జాన్ స్మిత్ మనిషికో ఓటు సంస్కరణ తెచ్చాడు. అభ్యర్థుల ఎంపికలో, నాయకత్వ ఎన్నికలో గుండుగుత్త పోవాలి. దాన్ని ఆమోదించాల్సిన మహాసభలో మాత్రం అప్పటికీ గుండుగుత్త ఓట్లదే రాజ్యం! ఎమ్‌ఎస్‌ఎఫ్ అనే సంఘం సంస్కరణకు వ్యతిరేకం. కానీ మహిళలకే కేటాయించే అభ్యర్థుల జాబితాలు కూడా అదే తీర్మానంలో ఉన్నాయి, వాటికి అది అనుకూలం. ఎటూ వేయలేక ఊరుకుంది. 47.5కి 44.4తో సంస్కరణ గట్టెక్కింది. పెన్‌రోజ్ చూసి ఉంటే ముచ్చటపడేవాడు.

తర్వాత సంఘ సభ్యులు ఎవరి ఓటు వాళ్లే వేసుకున్నారు. అయినా కోటా మిగిలింది. 2010 నాయకత్వ ఎన్నికలో ఎంపీల్లోనూ పార్టీ సభ్యుల్లోనూ డేవిడ్ మిలిబాండ్‌దే ఆధిక్యం. సంఘాల కోటాతో తమ్ముడు ఎడ్ 50.65 శాతంతో గెలిచాడు. ఆ కోటాలో ఓటేసింది పదిమందిలో ఒక్కరి కంటే తక్కువే.

ఎడ్ హయాంలోనే, 2014లో, కోటా కూడా ఎత్తేశారు. అందరివీ సమాన ఓట్లు. అప్పుడు 3 పౌండ్లు కడితే బయటివాళ్లూ మద్దతుదారుగా ఓటేయగలిగేవారు. సంఘాల పట్టు సడలుతుందని, పార్టీ మధ్యేమార్గానికి వస్తుందని చాలామంది లెక్కలు వేసుకున్నారు. 2015లో వామపక్షానికి చెందిన జెరెమీ కార్బిన్ మొదటి రౌండ్‌లోనే 59.5 శాతంతో నెగ్గాడు. 3 పౌండ్లు కట్టినవాళ్లలో ఆయనకు దాదాపు 84 శాతం పడ్డాయి. సంఘాల నుంచి వచ్చినవాళ్లలో 57.6 శాతమే.