ఆయాసం తగ్గింది సరే, ఉబ్బసం తగ్గిందా?

బ్రిటన్‌లో ఒక్క ఏడాదిలో ఉబ్బసంతో చనిపోయిన 195 మంది వైద్య రికార్డులను నిపుణులు ఒక్కొక్కటిగా తిరగేసి 2014లో నివేదిక ఇచ్చారు. అందులో నన్ను అన్నిటికంటే బాధపెట్టింది ఇన్‌హేలర్ల లెక్క. ఆయాసం వచ్చినప్పుడు కొట్టుకునే సాల్బుటమాల్ లాంటి ఇన్‌హేలర్లు ఎన్ని రాశారో 165 మంది విషయంలో వివరాలు దొరికాయి. వాళ్లలో 65 మందికి, చనిపోవడానికి ముందు ఏడాదిలో పన్నెండు కంటే ఎక్కువే రాశారు. ఆరుగురికైతే యాభైకి పైగా. ఒక సాల్బుటమాల్ ఇన్‌హేలర్‌లో మామూలుగా 200 పఫ్‌లు ఉంటాయి. ఏడాదికి పన్నెండు అంటే రోజుకు ఆరు దాటుతుంది. వీళ్లు మందు దొరక్క పోయినవాళ్లు కాదు. మందు చేతిలోనే ఉంది. కొట్టుకున్నప్పుడల్లా కాసేపు ఊపిరి ఆడింది కాబట్టి, రోగం ముదురుతోందన్న సంగతి అటు వాళ్లకూ ఇటు డాక్టర్లకూ పట్టలేదు.

ఈ చిక్కు ఎలా విప్పాలన్నదాని మీద గత పదేళ్లలో గట్టి పరిశోధన జరిగింది. ప్రపంచమంతా వాడే చికిత్స సూత్రం ఒకటి దానివల్ల మారిపోయింది. మన ఊళ్లలో చాలామంది ఉబ్బసం రోగులకు ఆ కబురు ఇంకా అందలేదు.

ఉబ్బసంలో ఊపిరితిత్తుల్లో రెండు పనులు జరుగుతాయి. శ్వాసనాళాల చుట్టూ ఉండే సన్నటి కండరం బిగుసుకుంటుంది. ఛాతీ పట్టేయడం, పిల్లికూతలు, మాట పూర్తి చేయలేకపోవడం అప్పుడే మొదలవుతాయి. ఇది రోగికి తెలుస్తుంది. రెండోది నాళాల లోపలి పొరలో వాపు. ఇయోసినోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు అక్కడ పోగుపడతాయి, పొర ఉబ్బుతుంది, జిగట కఫం చిన్న గొట్టాల్లో బిరడాలా ఇరుక్కుంటుంది. ఆయాసం లేని రోజుల్లో కూడా ఈ వాపు ఉండొచ్చు, మనిషికి తెలియదు. సాల్బుటమాల్ ఐదు నిమిషాల్లో కండరాన్ని వదులు చేస్తుంది. వాపు జోలికి పోదు. అదొక్కటే రోజూ వాడుతూపోతే దానికి స్పందించే గ్రాహకాలు మొద్దుబారతాయి, దుమ్ముకూ పొగకూ నాళాలు ఇంకా త్వరగా బిగుసుకుంటాయి.

ఇన్‌హేలర్ పుట్టుకకు ఒక పాప కారణం. 1955లో అమెరికాలోని రైకర్ ల్యాబొరేటరీస్ అధిపతి జార్జ్ మేసన్‌ను ఉబ్బసం ఉన్న ఆయన పదమూడేళ్ల కూతురు అడిగిందట, తన మందు కూడా హెయిర్ స్ప్రేలా డబ్బాలో ఎందుకు రాదని. మరుసటి ఏడాదికే మొదటి స్ప్రే ఇన్‌హేలర్ మార్కెట్లోకి వచ్చింది. 1969లో సాల్బుటమాల్, 1972లో వాపు తగ్గించే స్టెరాయిడ్ బెక్లోమెథసోన్ ఇన్‌హేలర్ రూపంలో వచ్చాయి. మూడేళ్ల తేడాతో రెండు మందులూ చేతికి అందాయన్నమాట. అయితే చాలాకాలం పాటు చాలామంది రోగులకు వాటిని వేరువేరు డబ్బాల్లోనే ఇస్తూ వచ్చారు. ఆయాసానికి ఒకటి, రోజూ పొద్దున సాయంత్రం వాడడానికి ఇంకొకటి. వెంటనే హాయినిచ్చేదాన్ని జేబులో పెట్టుకుని, ఏమీ తెలియనిదాన్ని అల్మారాలో మర్చిపోవడం మనిషి సహజం. దానికి రోగిని తిట్టి ప్రయోజనం లేదని నేను గట్టిగా నమ్ముతాను.

ఆ రెండో డబ్బా విలువ ఎంతో 2000లో కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రపు రికార్డులు తేల్చాయి. ఏడాదిలో వాడిన ప్రతి అదనపు స్టెరాయిడ్ ఇన్‌హేలర్‌కూ ఉబ్బసం మరణాల రేటు 21 శాతం తగ్గింది. అది కూడా తక్కువ మోతాదుతోనే.

రోగులు రెండో డబ్బా ఎలాగూ వాడడం లేదు కాబట్టి ఆ మందును మొదటి డబ్బాలోనే కలిపేస్తే? పరిశోధకులు వేసుకున్న ప్రశ్న ఇదే. బ్యూడెసొనైడ్ వాపు తగ్గించే స్టెరాయిడ్. ఫార్మొటెరాల్ కండరాన్ని వదులు చేసే మందు, సాల్బుటమాల్ లాగే నిమిషాల్లో పనిచేస్తుంది, పైగా పన్నెండు గంటలు నిలుస్తుంది. ఈ రెండూ కలిసిన ఇన్‌హేలర్‌ను ఆయాసం వచ్చినప్పుడు మాత్రమే కొట్టుకోమంటే, రోగి ఉపశమనం కోసం తీసుకునే ప్రతి పఫ్‌తోనూ కొంత అసలు చికిత్స కూడా లోపలికి పోతుంది. 2018లో వెలువడిన సిగ్మా-1 పరీక్షలో స్వల్ప ఉబ్బసం ఉన్న 3,849 మంది పాల్గొన్నారు. పాత పద్ధతిలో ఉపశమన మందు మాత్రమే వాడినవాళ్లతో పోలిస్తే, ఈ జంట మందు వాడినవాళ్లలో తీవ్రమైన దాడులు 64 శాతం తగ్గాయి. 2019లో న్యూజిలాండ్ పరిశోధకుడు రిచర్డ్ బీస్లీ బృందం రోజువారీ జీవితానికి దగ్గరగా ఉండే పద్ధతిలో చేసిన మరో పరీక్ష కూడా ఇదే దారి చూపింది. అదే ఏడాది, ఉబ్బసంపై ప్రపంచానికి మార్గదర్శకాలిచ్చే గీనా సంస్థ పెద్దలకూ పన్నెండేళ్లు దాటిన పిల్లలకూ సాల్బుటమాల్ ఒక్కదానితో చికిత్సను ఇక సిఫారసు చేయబోమని ప్రకటించింది. తర్వాత న్యూజిలాండ్‌లో 5 నుంచి 15 ఏళ్ల పిల్లలు 360 మందితో జరిపిన పరీక్ష ఫలితాలు 2025లో వచ్చాయి. వాళ్లలోనూ దాడులు 45 శాతం తగ్గాయి.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పి తీరాలి. జంట మందులన్నీ ఒకటి కావు. సాల్మెటెరాల్ కలిసిన ఇన్‌హేలర్ నెమ్మదిగా పనిచేస్తుంది, ఆయాసం వచ్చినప్పుడు దాన్ని నమ్ముకోకూడదు. మీ డబ్బా మీద ఏముందో చదివి, ఎప్పుడు ఎన్ని పఫ్‌లు వాడాలో డాక్టర్‌తో కాగితం మీద రాయించుకోండి. ఏడాదిలో మూడు సాల్బుటమాల్ ఇన్‌హేలర్లు అయిపోతున్నాయంటే అప్పటికే ప్రమాదం పెరిగినట్టు లెక్క.

మన దేశం సంగతి చూస్తే దిగులేస్తుంది. 2019 అంచనాల ప్రకారం భారత్‌లో మూడు కోట్ల నలభై లక్షల మందికి పైగా ఉబ్బసం ఉంది. ప్రపంచ రోగుల్లో ఇది 13 శాతం. మరణాల్లో మాత్రం మన వాటా 40 శాతం పైమాటే. మన ఉబ్బసమేమీ వేరే రకం కాదు. అందుబాటులో ఉన్న మందు మనవాళ్ల ఊపిరితిత్తుల దాకా చేరడం లేదు.

ఎందుకు చేరడం లేదంటే ఎన్నో కారణాలున్నా, అన్నిటికంటే పెద్దది భయం. "ఇన్‌హేలర్ మొదలుపెడితే అలవాటైపోతుంది", "అది ఆఖరి స్టేజ్ మందు", "పిల్లకి పెళ్లి కావాలి, నలుగురిలో అది నోట్లో పెట్టుకుంటే ఎలా". ఈ మాటలు వినని తెలుగు ఇల్లు ఉండదేమో. స్టెరాయిడ్ అన్న మాట వింటేనే టెన్షన్. అలా అన్న మనిషే ఆయాసం ఎక్కువైన రాత్రి ఆర్ఎంపీ దగ్గరికి వెళ్లి డెక్సా ఇంజక్షన్ వేయించుకుని, డెరిఫిలిన్ మాత్ర మింగి వస్తాడు. డెక్సా కూడా స్టెరాయిడే, ఒళ్లంతా తిరిగే స్టెరాయిడ్.

లెక్కలో చూడండి. జంట ఇన్‌హేలర్‌లో ఎక్కువగా వాడే మోతాదులో ఒక పఫ్‌కు 200 మైక్రోగ్రాముల బ్యూడెసొనైడ్ ఉంటుంది. దాడి వచ్చినప్పుడు పెద్దవాళ్లకు రోజుకు 40 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు ఇస్తారు. అంటే 40,000 మైక్రోగ్రాములు, బరువులో 200 రెట్లు. బ్యూడెసొనైడ్ అంతకంటే బలమైన మందే, అయినా అది నేరుగా నాళాల్లో పడుతుంది, గొంతు దాటి కడుపులోకి పోయినదాంట్లో దాదాపు 90 శాతాన్ని కాలేయం విరిచేస్తుంది. దుష్ఫలితాలు లేవని నేననను. గొంతు బొంగురుపోవచ్చు, నోట్లో తెల్లపూత రావచ్చు. పఫ్ అయ్యాక నోరు పుక్కిలించి ఉమ్మేస్తే ఇవి చాలావరకు తప్పుతాయి. చిన్నప్పుడు ఏళ్ల తరబడి రోజూ వాడిన పిల్లలను పెద్దయ్యాక కొలిస్తే సగటున 1.2 సెంటీమీటర్ల ఎత్తు తగ్గినట్టు 2012లో ఒక అమెరికా అధ్యయనం తేల్చింది. ఉబ్బసం అదుపులో లేని పిల్ల నిద్రకూ చదువుకూ ఆటకూ దూరమవుతుంది, ప్రాణం మీదికీ వస్తుంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి తల్లిదండ్రులు ఆలోచించాలి.

మృగశిర కార్తె రోజు హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేప మందు కోసం వేలమంది బారులు తీరతారు. పసుపు రంగు మందు ముద్దను బతికున్న కొర్రమీను పిల్ల నోట్లో పెట్టి మింగిస్తారు. బత్తిని కుటుంబం డబ్బు తీసుకోకుండా ఇస్తుంది. ఎక్కడెక్కడి నుంచో రైళ్లెక్కి, చంటిపిల్లలను ఎత్తుకుని వచ్చే ఆ జనాన్ని చూస్తే ఉబ్బసం ఎంతగా వేధిస్తోందో అర్థమవుతుంది. ఆ మందు ఉబ్బసాన్ని తగ్గిస్తుందని వైద్య పరీక్షల్లో రుజువు కాలేదు. వెళ్లేవాళ్లను కోరేది ఒక్కటే, ఇన్‌హేలర్ మాత్రం ఆపకండి. ఆపితే లోపలి వాపు నెమ్మదిగా మళ్లీ పెరుగుతుంది. వర్షాకాలంలో జలుబులు చుట్టుముట్టినప్పుడు దాడి వస్తుంది.

మందు కొన్నా సరిగా పీల్చకపోతే దండగ. స్ప్రే ఇన్‌హేలర్ అయితే బాగా కుదిపి, ఊపిరి పూర్తిగా వదిలి, పెదాలు బిగించి, నొక్కుతూనే నెమ్మదిగా పీల్చి, పది సెకన్లు బిగపట్టాలి. క్యాప్సూల్ పెట్టి తిప్పే రోటాహేలర్‌లో పొడి మందు ఉంటుంది, దాన్ని గట్టిగా, వేగంగా పీల్చాలి. ఒకదాని పద్ధతి ఇంకొకదానికి వాడితే మందు గొంతులోనే ఆగిపోతుంది. చిన్నపిల్లలకూ వృద్ధులకూ స్ప్రేకి స్పేసర్ (మందును కాసేపు పట్టి ఉంచే బోలు గొట్టం) తగిలించాలి.

2024లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన నన్ను బాగా ఆలోచింపజేసింది. లండన్ కింగ్స్ కాలేజీలో జోడీ రోజెన్‌బ్లాట్ బృందం, కండరం బిగుసుకున్నప్పుడు లోపలి పొరలోని కణాలకు ఏమవుతుందో చూసింది. చోటు చాలక అవి ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి, బతికున్న కణాలే పొరలోంచి ఊడి నాళంలోకి పడిపోతాయి. పొరకు అక్కడక్కడా చిల్లులు పడినట్టవుతుంది. వైరస్‌లకూ దుమ్ముకూ దారి దొరుకుతుంది, వాపు ఇంకా పెరుగుతుంది. అంటే ప్రతి దాడీ తర్వాతి దాడికి దారి వేసి పోతుందన్నమాట. సాల్బుటమాల్ నాళాన్ని తెరిచింది కానీ కణాలు ఊడిపోవడాన్ని ఆపలేదు. ఎలుకల్లో గెడోలీనియం అనే పదార్థం ఆ నష్టాన్ని ఆపగలిగింది. అది మనుషులకు ఇచ్చే మందు కావాలంటే ఇంకా చాలా దూరం నడవాలి.

అదే ఏడాది ఆక్స్‌ఫర్డ్, లండన్ వైద్యులు ఇంకో ప్రయత్నం చేశారు. రక్తంలో ఇయోసినోఫిల్స్ పెరిగి దాడి వచ్చిన 158 మంది ఉబ్బసం, సీవోపీడీ (ఎక్కువగా పొగ వల్ల శ్వాసనాళాలు దెబ్బతినే దీర్ఘకాలిక జబ్బు) రోగుల్లో కొందరికి ప్రెడ్నిసొలోన్ మాత్రలు మాత్రమే, కొందరికి ఆ కణాలను తొలగించే బెన్రాలిజుమాబ్ ఇంజక్షన్ ఒక్కసారి ఇచ్చారు. తొంభై రోజుల్లో చికిత్స విఫలమైనవాళ్లు మాత్రల వర్గంలో 74 శాతం, ఇంజక్షన్ తీసుకున్నవాళ్లలో 45 శాతం. ఇంకా పెద్ద పరీక్షలు జరగాలి. పైగా ఇలాంటి బయోలాజిక్ మందుల ధర మామూలు కుటుంబానికి అందేది కాదు.

బ్యూడెసొనైడ్-ఫార్మొటెరాల్ సంగతి అలా కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలోనూ మన జాతీయ జాబితాలోనూ అది ఉంది. మీ పీహెచ్‌సీలోనో ఏరియా ఆసుపత్రిలోనో లేదంటే, ఎందుకు లేదని అడగండి.