మిలిటరీ ఇంట్లో సంక్రాంతి: అపోహలు - వాస్తవాలు

మన ఊళ్లలో ఆర్మీ అయినా, సీఆర్పీఎఫ్ అయినా, బీఎస్ఎఫ్ అయినా అందరూ ‘మిలిటరీ వాళ్లే’. పండగ దగ్గరపడేసరికి ఆ ఇంటికొచ్చే ప్రశ్నలూ, సలహాలూ, సాయాలూ కూడా అంతే కలగాపులగంగా ఉంటాయి. ఇక్కడ రాసినవి ప్రధానంగా ఆర్మీ జవాన్లు, జేసీవోల (జవాన్లకూ అధికారులకూ మధ్య ర్యాంకువాళ్ల) ఇళ్లకు సంబంధించినవి. సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్ లాంటి కేంద్ర సాయుధ పోలీసు బలగాలు హోంశాఖ కింద ఉంటాయి కాబట్టి వాళ్ల సెలవులు, క్యాంటీన్ వేరు.

అపోహ: ఏడాదికి మూడు నెలల సెలవుంది. రావాలనుకుంటే సంక్రాంతికి రాలేడా?

జవానుకు ఏడాదికి 60 రోజుల యాన్యువల్ లీవు, 30 రోజుల క్యాజువల్ లీవు ఉన్న మాట నిజమే. అగ్నివీరుకు (నాలుగేళ్ల అగ్నిపథ్ పథకంలో చేరినవాడికి) మాత్రం ఏడాది మొత్తానికి 30 రోజులే. ఈ తేడా తెలియక “పక్కింటి అబ్బాయి వచ్చాడు, మనవాడికేం రోగం” అని సణిగే ఇళ్లున్నాయి. ఎన్ని రోజులున్నాయన్నది ఒక లెక్క, ఎప్పుడు దొరుకుతాయన్నది వేరే లెక్క. ఒకేసారి ఇంతమందికి మించి బయట ఉండకూడదని యూనిట్ చూసుకుంటుంది. బిహారీలకు ఛఠ్, మలయాళీలకు ఓణం, పంజాబీలకు బైసాఖి, మనకూ తమిళులకూ సంక్రాంతి. దీపావళికి ఇంటికెళ్లొచ్చినవాడు మళ్లీ జనవరిలో అడిగితే వెనకున్నవాళ్లు ఊరుకోరు. పైగా జనవరి 15 ఆర్మీ డే, ఆ వెంటనే 26. ఆ రోజుల్లో అప్రమత్తత పెంచుతారేగాని తగ్గించరు.

ఎత్తయిన పోస్టుల్లో ఉన్నవాళ్లకు ఇంకో చిక్కుంది. 2,700 మీటర్లు దాటి పైకి వెళ్లేవాళ్లు అక్కడి గాలికి అలవాటుపడాలి. మొదటి దశకు 6 రోజులు, 3,600 దాటాక 4 రోజులు, 4,500 దాటాక ఇంకో 4 రోజులు. ఊళ్లో నాలుగు వారాలు మించి ఉండి తిరిగెళితే ఇదంతా మళ్లీ మొదటి నుంచీ చేయాల్సిందే. ఈ నియమం తప్పితే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి ప్రాణం మీదికి వస్తుంది. నెల దాటే సెలవు పెట్టేముందు ఈ రోజులన్నీ లెక్కలో వేసుకోవాలి.

ఇంట్లోవాళ్లు చేయగలిగింది ఒకటుంది. పెళ్లిచూపులు, గృహప్రవేశం, పిల్ల చెవులు కుట్టించడం లాంటివి పండగ తేదీకి కట్టేయకుండా సెలవు మంజూరయ్యాకే ముహూర్తం పెట్టుకోవాలి. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారు. సెలవు తేదీ అటూ ఇటూ అయ్యేట్టుంటే రెండు తేదీలకు టికెట్ తీసి, తర్వాత ఒకటి రద్దు చేసుకోవడమే నయం. పెద్ద స్టేషన్లలో మిలిటరీ ప్రయాణికుల కోసం ఎంసీవో ఆఫీసుంటుంది. సికింద్రాబాద్‌లోనూ ఉంది.

అపోహ: కనుమనాడు కాకి కూడా కదలదు, రెండు రోజులు ఆగి వెళితే ఏమవుతుంది?

చాలా అవుతుంది. లీవు సర్టిఫికెట్‌లో రాసిన తేదీ దాటితే అది ఆర్మీ చట్టం సెక్షన్ 39 కిందికి, అంటే అనుమతి లేని గైర్హాజరీ కిందికి వస్తుంది. అమ్మ బతిమాలిందనో, మేనమామ కోడిపందేలకు రమ్మన్నాడనో ఆగితే శిక్ష పడేది అతనికి, మచ్చ పడేది అతని రికార్డులో. తిరుగు టికెట్ కనుమనాటికి పడిందా, కనుమనాడే బస్సెక్కించండి.

నిజంగానే జ్వరం వస్తే దారి ఉంది. సెలవు ముగియకముందే యూనిట్‌కు ఫోన్ చేసి చెప్పాలి. దగ్గర్లో మిలిటరీ ఆసుపత్రి ఉంటే అక్కడికే వెళ్లాలి. తెలంగాణ వాళ్లకు సికింద్రాబాద్, ఉత్తరాంధ్ర వాళ్లకు విశాఖ నేవీ ఆసుపత్రి కల్యాణి. అంత దూరం వెళ్లలేకపోతే ప్రభుత్వాసుపత్రిలో చూపించుకుని కాగితాలు భద్రం చేసుకోవాలి. తెలిసిన ప్రైవేటు డాక్టరు చేత వెనకటి తేదీ వేయించి తెచ్చిన చీటీ చూడగానే అక్కడి క్లర్కుకు సంగతి అర్థమైపోతుంది.

అపోహ: అంత దూరం పార్సిల్ ఏం చేరుతుంది? పంపినా ప్రైవేటు కొరియరే నయం.

ప్రైవేటు కొరియర్లు 56 ఏపీవో, 99 ఏపీవో (ఏపీవో అంటే ఆర్మీ పోస్టాఫీసు) చిరునామాలకు ఇవ్వవు. పోస్టాఫీసు ఇస్తుంది, అదీ మామూలు దేశీయ రేటుకే. 56 ఏపీవో టపా ఢిల్లీలోని, 99 ఏపీవో టపా కోల్‌కతాలోని సైనిక తపాలా కేంద్రానికి చేరి, అక్కణ్నుంచి ఫీల్డు పోస్టాఫీసులకు వెళుతుంది. చిరునామాలో ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు, కంపెనీ లేదా బ్యాటరీ (యూనిట్‌లో అతని విభాగం), యూనిట్, కేరాఫ్ 56 ఏపీవో (లేదా 99), తొమ్మిదితో మొదలయ్యే ఆరంకెల పిన్ ఉండాలి. ఊరి పేరు, రాష్ట్రం పేరు రాయకూడదు. అది రహస్యం కోసమే కాదు. ‘కుప్వారా’ అనో ‘లేహ్’ అనో రాస్తే పార్సిల్ మామూలు సివిల్ టపాలో కలిసి తిరుగుతూ ఉండిపోతుంది. ఊరు లేకపోతే యూనిట్ ఎక్కడికి మారినా టపా దాని వెంటే వెళుతుంది.

సంక్రాంతికి అందాలంటే డిసెంబరు మొదటివారం దాటనివ్వకండి. మంచుకు లడఖ్ వెళ్లే జోజిలా కనుమ (కొండల మధ్య దారి) మూసుకుపోయాక లడఖ్ టపాకు విమానమే దిక్కు, అదీ వాతావరణం బాగుంటేనే. పది కిలోల పెట్టె ఒకటి కాకుండా మూడేసి కిలోలవి రెండు పంపండి. రోడ్డు ఆగిపోయిన చోటి నుంచి పోస్టుకు దాన్ని మోసేది మనిషో, కంచరగాడిదో. టపాకాయలు, అగ్గిపెట్టెలు, లైటర్లు, సెంటు స్ప్రేలు పెట్టడం నిషేధం.

ఇక లోపల ఏం పెట్టాలన్నది. తపన ఎక్కువై అమ్మలు పొరపాటు పడేది ఇక్కడే.

అరిసెలు బాగా తట్టుకుంటాయి. కాకపోతే నూనె గట్టిగా ఒత్తి తీసి, పేపరు మీద విడివిడిగా పరిచి రాత్రంతా ఆరనివ్వాలి. వెచ్చగా ఉండగా డబ్బాలో సర్దితే ఆవిరి పట్టి, వారానికల్లా బూజు వస్తుంది. పాకం మరీ ముదరనివ్వకండి, చలికి అరిసె ఇంకా గట్టిపడుతుంది.

సున్నుండలు మంచు ప్రాంతానికి వెళ్లాయంటే నెయ్యి గడ్డకట్టి రాళ్లవుతాయి. వేయించి విసిరిన మినప్పిండిలో బెల్లం తురుము కలిపి, పొడిగానే పంపండి. లంగర్‌లో (యూనిట్ వంటశాలలో) నెయ్యి ఉంటుంది, కాచి పోసుకుని అక్కడే ఉండలు చుట్టుకుంటారు. జంతికలు, చెక్కలు రేకు డబ్బాలో సర్ది, కదలకుండా ఖాళీల్లో కాగితం కుక్కాలి. పూతరేకుల జోలికి పోవద్దు, చేరేసరికి పొడే మిగులుతుంది. కాకినాడ కాజా పాకం కారి పక్కవాళ్ల ఉత్తరాలు తడుపుతుంది.

పచ్చడి పంపాలంటే నూనె తేలకుండా వంచేసి, రెండు కవర్లలో వేసి, గాలి పూర్తిగా ఒత్తి తీసి సీలు చేయాలి. లేహ్ ఎత్తులో గాలి ఒత్తిడి మన దగ్గరున్నదాంట్లో సుమారు మూడింట రెండొంతులే. లోపల గాలి మిగిలిన ప్యాకెట్ అక్కడికి చేరేసరికి బంతిలా ఉబ్బుతుంది, అతుకు బలంగా లేకపోతే పగులుతుంది. దుకాణంలో కొన్న చిప్స్ ప్యాకెట్లదీ ఇదే గతి. అన్నిటికంటే తెలివైన పార్సిల్ పొడులది: కందిపొడి, కరివేపాకు పొడి, నువ్వులపొడి. ఎత్తులో ఆకలి చచ్చిపోతుంది, నోటికి ఏదీ రుచించదు. కారంగా ఒక ముద్ద దిగితే ఆ పూట గడిచినట్టే.

అపోహ: పాపం, పండగపూట అక్కడ ఒంటరిగా కూర్చుని ఉంటాడు.

చాలామటుకు కాదు. పండగలకు యూనిట్‌లో బడాఖానా ఉంటుంది. అధికారులు, జేసీవోలు, జవాన్లు కలిసి తింటారు. మందిర్ పెరేడ్ (అందరూ కలిసి గుడికెళ్లడం) ఉంటుంది, పూజ చేయించడానికి మతగురువు ఉంటాడు. మారుమూల పోస్టులో పదిమందే ఉన్నా ఏదో ఒక తీపి వండుకుంటారు. పండగనాడు ఎక్కువ ఒంటరిదయ్యేది ఇక్కడ అత్తగారింట్లో ఉన్న భార్య. కనపడిన ప్రతివాళ్లూ ఆమెను “ఎప్పుడొస్తాడమ్మా?” అని అడగడం మానేసి, “ముగ్గులోకి గొబ్బెమ్మలు చేసిపెట్టనా, పిల్లల్ని భోగిమంట దగ్గరికి తీసుకెళ్లనా” అంటే అది సాయం.

అపోహ: రెండు రోజులుగా ఫోన్ లేదంటే ఏదో జరిగింది.

పోస్టులో సిగ్నల్ లేకపోయి ఉండొచ్చు, గస్తీకి వెళ్లి ఉండొచ్చు, ఫోన్లు పక్కన పెట్టించి ఉండొచ్చు. ఏదైనా జరిగితే కబురు యూనిట్ నుంచి వస్తుంది, వాట్సాప్ గ్రూపు నుంచి కాదు. ఒక కాగితం మీద అతని ఆర్మీ నంబరు, యూనిట్, రికార్డ్ ఆఫీసు (సర్వీసు రికార్డులు చూసే ఆఫీసు) ఫోను, యూనిట్‌లో ఇంకొకరి నంబరు రాసి బీరువా తలుపు లోపలివైపు అంటించుకోండి. టీవీ స్క్రోలింగ్ చూసి ఆ ఇంటికి పరుగెత్తే బంధువులకు ఒకటే మనవి: వెళ్లకండి.

అపోహ: మిలిటరీ క్యాంటీన్లో అన్నీ ఫ్రీ. పండక్కి రెండు ఫుల్ బాటిళ్లు తెమ్మంటే తప్పా?

ఫ్రీ ఏదీ లేదు. సరుకులపై జీఎస్టీలో సగం మినహాయింపు, అంతే. మందుకు ర్యాంకును బట్టి నెలవారీ కోటా ఉంటుంది, ప్రతి బాటిలూ కార్డు మీద నమోదవుతుంది. బయట అమ్మితే కార్డు బ్లాకవుతుంది, క్రమశిక్షణ చర్య కూడా తప్పదు. బావమరిది మొహమాటానికి ఉద్యోగం ఇబ్బందిలో పడకూడదు.

అపోహ: మా కాలనీ తరఫున స్వీట్లు సేకరించి ‘సరిహద్దు జవాన్లకు’ అని పంపితే చేరతాయి.

పేరు, యూనిట్ లేని పెట్టె ఎక్కడికీ చేరదు. తెలియనివాళ్లు పంపిన తినుబండారాలంటే యూనిట్లు జంకడమూ సహజమే. ఇవ్వాలనుకుంటే డిసెంబరు 7 ఉంది. 1949 నుంచి అది సాయుధ దళాల పతాక దినోత్సవం. ఆ నిధికి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఇవ్వొచ్చు. యుద్ధంలో చనిపోయిన, గాయపడిన సైనికుల కుటుంబాల నిధికి 2022లో మొదలైన ‘మా భారతీ కే సపూత్’ వెబ్‌సైట్ ఉంది. ‘భారత్ కే వీర్’ మాత్రం సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్ లాంటి బలగాల కోసం. ఆయుధాలు కొనడానికి రోజుకో రూపాయి వేయమని తిరిగే మెసేజ్ అబద్ధం, రక్షణశాఖే చెప్పింది.

అపోహ: సెలవుకొచ్చాడు కదా, కాగితాల గొడవ ఇప్పుడెందుకు?

ఇప్పుడే కావాలి, భార్యాభర్తలిద్దరూ ఒకచోట దొరికే రోజులు ఇవే గనక. పెళ్లయినా, బిడ్డ పుట్టినా ఆ సంగతి యూనిట్‌లో పార్ట్ టూ ఆర్డర్‌గా (సర్వీసు రికార్డులోకి ఎక్కే అధికారిక ఉత్తర్వుగా) నమోదు కావాలి. అది లేకపోతే డిపెండెంట్ కార్డు రాదు, రేపు ఫ్యామిలీ పెన్షన్‌కూ కొర్రీలు పడతాయి. మన దగ్గర ఎక్కువ దెబ్బతీసేది ఇంటిపేరు. సర్వీసు రికార్డులో పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు, భార్య ఆధార్‌లో ఇంకా పుట్టింటి పేరే. ముక్కనుమ వెళ్లగానే మీసేవకో, సచివాలయానికో వెళ్లి పెళ్లి సర్టిఫికెట్, పిల్లల జనన ధ్రువపత్రాలు తీయించండి. మూడుచోట్లా స్పెల్లింగ్ ఒకేలా ఉందా అని అక్షరం అక్షరం సరిచూసుకుని, భార్యాభర్తల జాయింట్ ఫోటోతో సహా అతని బ్యాగులో పెట్టి పంపండి.