ఇనుము రాశి మీద నిలబడి ఇనుముకి మొహం వాచిన మిరప

గుంటూరు పక్క నల్లరేగడిలో ఎకరా చేను తీసుకోండి. పై ఆరంగుళాల మట్టే దాదాపు 900 టన్నులు తూగుతుంది. అందులో ఇనుము రెండు శాతమే అనుకున్నా 18 టన్నులు. పంటకు కావలసింది కిలోల లెక్కే. అయినా ముసురు పట్టి చేలో నీళ్లు నిలిచాయంటే మిరప చిగురాకులు పసుపు తిరుగుతాయి. ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉంటాయి.

వైరస్ అనుకుని మందుల షాపుకి వెళ్లేవాళ్లూ, యూరియా చల్లేవాళ్లూ ఉంటారు. ముందు చూడాల్సింది ఏ ఆకు పాలిపోయిందో. నత్రజని చాలకపోతే మొక్క ముదురాకుల్లోంచి లాగి చిగురుకి పంపుకుంటుంది, అందుకే అడుగాకులు ముందు పోతాయి. ఇనుము ఒక ఆకులో కుదురుకున్నాక సులువుగా కదలదు. లోటు లేతాకులోనే బయటపడుతుంది.

మన రేగడిలో సున్నం ఎక్కువ, పీహెచ్ (ఆమ్ల-క్షార కొలత) 8 చుట్టూ ఉంటుంది. పీహెచ్ ఒక్క అంకె పెరిగితే నీటిలో కరిగే ఫెర్రిక్ ఇనుము (తుప్పులో ఉండే రూపం) వెయ్యో వంతుకి పడిపోతుంది. ఆకలేసిన వేరు అప్పుడు మూడు పనులు చేస్తుంది. పైపొర కణాలు ప్రోటాన్లను బయటికి తోసి చుట్టూ మట్టిని ఆమ్లంగా మారుస్తాయి. కణపు పొర మీది రిడక్టేజ్ ఎంజైము ఫెర్రిక్ ఇనుముకి ఒక ఎలక్ట్రాన్ ఇచ్చి, వేరు తీసుకోగల ఫెర్రస్‌గా మారుస్తుంది. ఐఆర్‌టీ1 అనే రవాణా ప్రొటీన్ దాన్ని లోపలికి తీసుకుంటుంది. ఆవాల కుటుంబానికి చెందిన ఆరబిడాప్సిస్‌లో 1996లో దీన్ని గుర్తించారు. మిరపకి దగ్గరి చుట్టమైన టమాటాలోనూ ఇదే ఏర్పాటు. నీళ్లు నిలిచినప్పుడు చెడేది మొదటి మెట్టు: వేర్లు వదిలే కార్బన్ డయాక్సైడ్ బయటికి పోలేక, సున్నంతో కలిసి బైకార్బనేట్ అవుతుంది. వేరు ఎంత ఆమ్లం వదిలినా అది మింగేస్తుంది.

అందుకే ఈ నేలలో అన్నభేదిని (ఫెర్రస్ సల్ఫేట్) మట్టిలో వేస్తే చాలావరకు దండగ, తుప్పుగా మారి అక్కడే కూర్చుంటుంది. ఆకుల మీద కొట్టాలి: లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం). ముందు నిమ్మ ఉప్పు కరిగించి, తర్వాత అన్నభేది వేయాలి. ద్రావణం లేత ఆకుపచ్చగా, తేటగా ఉండాలి. తుప్పు రంగు తిరిగిందంటే ఫెర్రస్ మళ్లీ ఫెర్రిక్ అయిపోయినట్టే, పారబోయడమే. సాయంత్రం పూట కొట్టండి, పురుగుమందులతో కలపొద్దు. కొద్ది రోజులకి పసుపు ఆకు మీద తుంపర పడినచోటల్లా ఆకుపచ్చ చుక్కలు తేలతాయి. లోపం ఇనుముదే అనడానికి పొలంలో దొరికే మంచి రుజువు అదే. నిమ్మ ఉప్పు మొక్కకి కొత్తదేమీ కాదు. దారువులో (నీటిని పైకి మోసే నాళాల్లో) వేరు నుంచి పైకి ఇనుము ప్రయాణించేది సిట్రేట్‌తో జతకట్టే.

మోతాదు పెంచితే ఆకు మాడుతుంది. విడి ఫెర్రస్ ఇనుము కణంలోని హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలిస్తే హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. అది పొరలనీ డీఎన్‌ఏనీ వదలదు. అందుకే కణం ఇనుముని విడిగా తిరగనివ్వదు. ఫెర్రిటిన్ అనే ప్రొటీన్ గుల్లలో, ఒక్కోదానిలో 4500 పరమాణువుల దాకా దాస్తుంది. కొంత రిక్తికలోకి, అంటే కణంలోని నిల్వ సంచిలోకి తోస్తుంది.

అసలు చిక్కు ఐఆర్‌టీ1తో. దానికి ఇనుమూ, జింకూ, మాంగనీసూ, విషమైన కాడ్మియమూ ఒకటే. ఇనుము కోసం తలుపు బార్లా తీసిన వేరులోకి అడగని లోహాలూ దూరతాయి. జింకు, మాంగనీసు లాంటివి మితిమీరితే ఆ ప్రొటీన్‌లో కణం లోపలి వైపున్న హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాలకు అంటుకుంటాయి. అప్పుడు కణం దానికి ‘పారేయాలి’ అని చెప్పే యుబిక్విటిన్ గుర్తు తగిలించి, పొర మీంచి లాగి రిక్తికలో జీర్ణం చేసేస్తుంది. అప్పటికే లోపలికొచ్చిన కాడ్మియం కోసం గంధకమున్న చిన్న అణువు గ్లూటాథయోన్‌ని గొలుసుగా పేర్చి ఫైటోకెలేటిన్లు తయారు చేస్తుంది. 1985లో బయటపడిన ఈ గొలుసుల్లోని గంధకం కాడ్మియాన్ని పట్టుకుంటే, రెంటినీ కలిపి రిక్తికలో పెట్టి మూసేస్తుంది.

ప్రకాశం బ్యారేజీ కింద డెల్టా వరిది వేరే పద్ధతి. గడ్డిజాతి వేరు మ్యూజినిక్ ఆమ్లాలు వదిలి ఫెర్రిక్ ఇనుమునే పట్టి లాక్కుంటుంది. దమ్ము చేసిన మడిలో ఫెర్రస్ సిద్ధంగా ఉంటుంది కనుక దాన్ని నేరుగానూ తీసుకుంటుంది. మెట్ట నారుమడిలో నారు తెల్లబారేది ఆ సౌకర్యం లేకే. కాడ్మియం వరిలోకి ఎక్కువగా మాంగనీసు దారిన వస్తుంది. వేరు కణాల రిక్తికలోకి దాన్ని తోసే హెచ్‌ఎంఏ3 పంపు పనిచేయని రకాల్లో గింజదాకా పోతుంది. మడిలో నీరు నిలబెడితే కాడ్మియం సల్ఫైడుగా మట్టిలోనే చిక్కుకుంటుంది. కానీ అదే నీటిలో ఆర్సెనిక్ కరిగి, వరి సిలికాన్ కోసం పెట్టుకున్న దారిలో లోపలికొస్తుంది. వెన్ను వేసే దశలో మడి ఆరబెడితే ఒకటి పెరుగుతుంది, ముంచితే రెండోది. మట్టిలో ఏది ఎక్కువుందో పరీక్ష చేయించాకే నీళ్ల సంగతి తేల్చుకోవాలి.