ముందు ఫొటో చూపించండి, కథ తర్వాత

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

ఎక్కడెక్కడో తిరిగొచ్చి ఫోన్ నిండా ఫొటోలు తెచ్చుకుంటారు. అందరికీ చూపిస్తారు. అందరూ "బాగున్నాయి" అంటారు. ఆ మాట వింటే సంతోషమే, కాదనను. కానీ ఆ ఒక్క మాటతో తర్వాతి ఫొటో మెరుగుపడదు. ఏం కుదిరిందో, ఏం కుదరలేదో విడమరిచి చెప్పించుకోవాలి. అందుకు అడిగే తీరు ఒకటుంది.

నేను నేర్చుకునే రోజుల్లో, ఒక ప్రయాణంలో, తెల్లవారుజామున చెరువులో వల విసురుతున్న మనిషిని తీశాను. అప్పట్లో రీలుకు 36 ఫొటోలే. చలిలో గంటసేపు గట్టు మీద కూర్చుని తీసిన ఫొటో అది. చేయి తిరిగిన ఒక పెద్దాయనకు చూపిస్తూ ఆ చలి, పొగమంచు, వల గాలిలో విచ్చుకున్న తీరు అంతా చెప్పుకుపోయాను. ఆయన అంతా విని, "ఇతని తలలోంచి స్తంభం మొలిచిందేమిటి?" అన్నారు. అప్పుడు చూశాను. దూరాన ఉన్న కరెంటు స్తంభం సరిగ్గా నడినెత్తి మీద నిలబడి ఉంది. అవతలి గట్టు గీత మెడను కోసినట్టు పోతోంది. ఆ ప్రింటు నెల రోజులుగా నా దగ్గరే ఉంది, ఒక్కసారి కూడా నాకు కనబడలేదు.

ఎందుకంటే ఫొటో చూసిన ప్రతిసారీ నాకు ఆ ఉదయమే గుర్తొచ్చేది. ఆయనకు ఆ ఉదయంతో పని లేదు, కాగితం మీద ఏముందో అదే కనబడింది. రెండడుగులు పక్కకు జరిగి ఉంటే స్తంభం తప్పుకునేది. కాస్త కిందికి వంగి ఉంటే గట్టు గీత భుజాల కిందికి దిగి, తల ఆకాశం మీద విడిగా తేలేది.

అందుకే చెబుతున్నాను, ముందు కథ చెప్పకండి. ఫొటో చేతికిచ్చి ఊరుకోండి. కాసేపయ్యాక "ముందు నీ చూపు ఎక్కడ పడింది?" అని అడగండి. కెమెరా పట్టుకోవడం రానివాళ్లు కూడా దీనికి జవాబు చెప్పగలరు. మీరు కొండ కోసం తీస్తే వాళ్లు మూలనున్న ఎర్ర గొడుగును చూశారనుకోండి, తప్పు వాళ్లది కాదు. వెలుగు ఎక్కువున్న చోటికి, గాఢమైన రంగు మీదికి, మనిషి ముఖం మీదికి చూపు ముందుగా పరుగెడుతుంది. ఇంకో మాట, నలభై ఫొటోలు ముందు పెట్టకండి. మూడో నాలుగో ఏరుకోండి. ఆ ఏరుకోవడంలోనే సగం విమర్శ మీరే చేసుకుంటారు.

తెలిసినవాళ్లు దొరికితే ఇంకాస్త లోతుగా అడగండి. "బ్లర్ అయింది" అంటే అక్కడితో వదలకండి, ఎలాంటి బ్లర్ అని అడగండి. ఫొటో అంతా ఒకే వైపు సాగినట్టుంటే మీ చేయి కదిలింది. పరుగెత్తే పిల్లాడు మాత్రమే చెదిరి, చుట్టూ గోడలు స్పష్టంగా ఉంటే షట్టర్ స్పీడ్ చాల్లేదు, అంటే కెమెరా వెలుగు తీసుకున్న క్షణం ఎక్కువసేపు సాగింది. పిల్లాడు మసకగా, వెనక చెట్టు ఆకులు స్పష్టంగా ఉంటే ఫోకస్ చెట్టు మీద పడింది. మూడింటికీ మందు వేరు. షట్టర్ స్పీడ్, ఐఎస్‌ఓ (వెలుగును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) లాంటి వివరాలు మామూలుగా ఫొటోతో పాటే ఫోన్‌లో ఉంటాయి, అవీ చూపించండి.

క్రాప్ చేయమంటే, అంటే అంచులు కత్తిరించమంటే, చిన్నబుచ్చుకోకండి. పేరున్న ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ హెన్రీ కార్టియర్ బ్రెస్సన్‌కు ఫొటోలు కత్తిరించడం ఇష్టముండేది కాదు. అయినా 1932లో పారిస్‌లోని సెయింట్ లజార్ స్టేషన్ వెనక, నీటి మడుగు మీదుగా దూకుతున్న మనిషిని తీసిన ఆయన ఫొటో కత్తిరించినదే. పలకల కంచె సందులోంచి తీయడంతో ఒక పక్క పలక అడ్డొచ్చింది.

చెప్పినవన్నీ ఒప్పుకోవాలనీ లేదు. ముఖం నల్లగా రావాలనే మీరు సూర్యుడికి ఎదురుగా తీసి ఉంటే, ఆ సంగతి అప్పుడు చెప్పండి. అయినా అది పొరపాటులా కనిపిస్తోందని ఇద్దరు ముగ్గురు అంటే మాత్రం మళ్లీ చూడండి. మనసు కష్టపడితే ఆ రోజుకు పక్కన పెట్టి, మర్నాడు చూడండి.

ఈసారి తిరిగొచ్చాక నాకూ మూడు ఫొటోలు పంపండి. ఎక్కడ తీశారో, ఎందుకు తీశారో రాయకండి. నాకు ఏం కనబడిందో ముందు నేను రాస్తాను. ఆ తర్వాత మీ కథంతా చెబుదురు గాని.

మీ
తాతయ్య