బుడమేరుకు మందు మైలవరం కొండల్లో ఉంది

2024 సెప్టెంబరు వరద తర్వాత బెజవాడలో బుడమేరు గురించి, అంటే మైలవరం కొండల్లో పుట్టి నగరం మీదుగా కొల్లేరుకు పోయే ఏటి గురించి, మాట్లాడని మనిషి లేడు. వెలగలేరు రెగ్యులేటర్, బుడమేరు నీళ్లను కృష్ణలోకి మళ్లించే డైవర్షన్ కెనాల్ ఎడమ గట్టుకు పడిన మూడు గండ్లు, సింగ్‌నగర్ ఇళ్లలో రోజుల తరబడి కదలకుండా నిలిచిన నీళ్లు, అన్నీ అందరికీ నోటికొచ్చేశాయి. గట్లు పెంచాలి, ఆక్రమణలు తీయాలి, కాలువ వెడల్పు చేయాలి అంటున్నారు. చేయాల్సిందే. కానీ ఇదే ఏటిని ఏప్రిల్‌లో చూస్తే పైన ఊళ్ల దగ్గర ఎండిన రాళ్లూ ఇసుకా, నగరంలోకి వచ్చేసరికి గుర్రపుడెక్క కింద మురుగూ కనిపిస్తాయి. వానాకాలంలో ముంచే ఏరు వేసవిలో ఎండిపోవడం వింతేమీ కాదు, రెండూ ఒకే జబ్బుకు లక్షణాలు.

వాన పడ్డాక నీళ్లు వెళ్లేవి మూడు దారులు. కొంత ఆవిరైపోతుంది (చెట్లు తాగి వదిలేది కూడా ఇందులోనే కలపండి), కొంత నేల మీద జారి వాగులో పడుతుంది, కొంత మట్టిలోకి ఇంకుతుంది. కొండ మీద చెట్టూ పొదా ఉండి, రాలిన ఆకు కుళ్లి మట్టి మెత్తగా ఉంటే ఇంకే వాటా పెరుగుతుంది. కొండ బోడి అయితే, పక్కన కంకర కోసం తవ్వేస్తే, కుంటలు పూడ్చి ప్లాట్లు వేస్తే, పడ్డదంతా గంటల్లో కిందికి వచ్చేస్తుంది. నెల జీతం ఒకటో తేదీనే ఖర్చు పెట్టేసిన ఇల్లు ఎలా ఉంటుందో ఏరూ అలాగే ఉంటుంది.

ఇంకిన నీరు పోయేదెక్కడికీ లేదు. రాతి పగుళ్లలో, ఇసుకలో మెల్లగా, రోజుకు కొన్ని అడుగులో అంగుళాలో జరుగుతూ పల్లం వైపు వస్తుంది. భూగర్భ జల మట్టం ఏటి అడుగు కంటే ఎత్తులో ఉన్నంతకాలం ఆ ఊట ఏట్లోకి దిగుతూనే ఉంటుంది, వాన ఆగి నెలలు గడిచినా సరే. బోర్ల వల్ల మట్టం ఏటి అడుగు కంటే కిందికి పోతే కథ తిరగబడుతుంది, ఏట్లో ఉన్న నీళ్లే భూమిలోకి పోతాయి. ఇది తెలుసుకోవడానికి యంత్రాలు అక్కర్లేదు, వేసవిలో ఏటి ఇసుకలో చెలమ తీసే ఆడవాళ్లను అడిగితే చాలు. మోకాటి లోతులో ఊరే చెలమ నడుము లోతుకు పోయిందంటే మట్టం పడిపోతోందన్నమాట. ఇసుక లారీల్లో వెళ్లిపోయిన చోట చెలమే ఉండదు. ఇసుక రేణువుల మధ్య ఖాళీ దాని మొత్తంలో మూడో వంతు దాకా ఉంటుంది, అంటే మూడు లారీల ఇసుక తీస్తే దాదాపు ఒక లారీడు నీళ్లు దాచుకునే చోటు పోయినట్టే.

ఊళ్లు కలిస్తే దీన్ని వెనక్కి తిప్పొచ్చని చూపించింది రాజస్థాన్‌లోని అల్వర్ జిల్లా. అక్కడ ఏడాదికి కురిసేది సుమారు 600 మిల్లీమీటర్లు, మన విజయవాడలో వెయ్యి దగ్గర. అర్వరి అనే చిన్న నది వానాకాలం దాటితే కనపడేది కాదు. 1980ల రెండో సగంలో రాజేంద్ర సింగ్, ఆయన స్వచ్ఛంద సంస్థ తరుణ్ భారత్ సంఘ్ సాయంతో, నది పుట్టే చోట ఉన్న భావంతా-కోల్యాలా జనం జోహడ్‌లు కట్టడం మొదలుపెట్టారు. జోహడ్ అంటే వాలుకు అడ్డంగా నెలవంక ఆకారంలో వేసే మట్టికట్ట, మన ఊట కుంటకు అన్న లాంటిది. నది జోలికి వెళ్లలేదు, పూడికా తీయలేదు. పైన కొండ దగ్గర మొదలెట్టి ఊరి తర్వాత ఊరు కిందికి కట్టుకుంటూ వచ్చారు, కొండ మీద చెట్లు కొట్టడం మానేశారు. ముందు బావుల్లో నీళ్లు పెరిగాయి, 1990ల మధ్యకల్లా నది ఏడాదంతా పారింది.

నాకు ఇంకా నచ్చేది ఆ తర్వాత జరిగింది. నదిలో చేపలు రాగానే ప్రభుత్వం చేపల కాంట్రాక్టు ఇచ్చింది, జనం ఎదురు తిరిగారు. మరి నీళ్లు ఎవరివి అన్న ప్రశ్న వచ్చి 1999లో డెబ్బైకి పైగా ఊళ్లు కలిసి అర్వరి సంసద్, అంటే నదికో పార్లమెంటు, పెట్టుకున్నాయి. చెరకు లాంటి నీళ్లు తాగే పంటలొద్దని కట్టుబాటు చేసుకున్నాయి. మనకూ నీరు-మీరు, నీరు-చెట్టు పథకాలు వచ్చాయి, చెక్ డ్యాములూ లేచాయి. కానీ కట్టే ముందే పూడిక ఎవరు తీస్తారు, చుట్టూ ఎన్ని బోర్లు వేయొచ్చు అని ఊరు కూర్చుని తేల్చుకోకపోతే ఆ చెక్ డ్యామ్ కొన్నేళ్లకు ఇసుక మెట్టే. చెక్ డ్యామ్ పక్కనే కొత్త బోరు వేస్తే ఇంకిన నీళ్లు ఏటిదాకా రానే రావు.

అయితే ఎక్కడ పడితే అక్కడ కుంటలు తవ్వేయడం కూడా మందు కాదు. అర్వరి మీదే 2010 ప్రాంతంలో ఆస్ట్రేలియా పరిశోధకులు లెక్కలు కట్టి చూశారు. జోహడ్‌ల వల్ల బావులకు లాభమేనట, కానీ ఒక హద్దు దాటాక ఇంకా కడితే భూగర్భ నీరు పెరగదు, కింద నదికి వచ్చే నీళ్లు మాత్రం తగ్గుతూ పోతాయి. మైలవరం వైపు మొత్తం ఆపేస్తే బుడమేరు చివర ఎదురుచూసే కొల్లేరుకు ఏం మిగులుతుంది? ఇంకోటి, 2024 లాంటి కుండపోత రోజున మట్టి అప్పటికే తడిసి నిండి ఉంటుంది, కుంటలూ నిండిపోతాయి. వాటిని చూసుకుని కరకట్ట పని వదిలేస్తే మునుగుతాం. అవి పనికొచ్చేది ఏటా వచ్చే మామూలు వానలకు, కొట్టుకొచ్చే మట్టిని పైనే ఆపడానికి, వేసవి ఊటకు.

అసలు పేచీ డబ్బు దగ్గర. కందకాలు, ఊట కుంటలు ఉపాధి హామీలో చేయించుకోవచ్చు, కూలికి ఇబ్బంది లేదు. కానీ కుంటకు అర ఎకరం వదిలే రైతు మైలవరం వైపు ఉంటాడు, అతని బోరుకు కొంత లాభమున్నా పూడిక తగ్గిన కాలువ వల్ల బాగుపడేది సింగ్‌నగర్ వాళ్లు. ఆ అర ఎకరానికి నగరం ఏటా కౌలు కట్టాలి, గట్ల కోసం పెట్టే ఖర్చులోంచే. అలాగని రేపే పైసలు పంచేయమనడం లేదు. ముందు ఏటి పొడుగునా ఊళ్లు ప్రతి వేసవీ చెలమ లోతు, బావి మట్టం కొలిచి పంచాయతీ ఆఫీసు గోడ మీద రాస్తే, ఏ కుంట పనిచేసిందో ఏది దండగో నాలుగైదేళ్లలో తేలుతుంది, కౌలు ఎవరికి కట్టాలో అప్పుడు తగువు పడొచ్చు.